ఉప్పుమడి గీత

పోటీకి పదహారు రోజులు

నేల: చదును. జల్లెడ: రెండుసార్లు. రాళ్ళు: నలభై, తుడిచాను. డబ్బాలు: ఐదు, పాతాను.

పై ముక్కలు రాయడం నా ఉద్యోగంలో భాగం. ఈ మైదానం పుస్తకంలో పన్నెండేళ్ళుగా రోజూ అవే రాస్తున్నాను. ఇంతవరకూ దీన్ని ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అందుకని ఈ ఏడాది మిగిలిన కాగితం మీద నాకు తోచింది రాస్తాను. ఎవరికైనా కష్టంగా ఉంటే వచ్చి అడగొచ్చు, ఇక్కడే ఉంటాను.

నా పేరు నూకరత్నం. పుట్టింది నౌపడ ఉప్పుమడుల దగ్గర. ఉంటున్నది చంద్రుడి మీద, దక్షిణపు కొసన, అంచుపేటలో. పని, పోటీ మైదానంలో నేల చదును చెయ్యడం.

ముందు నా చీదర చెప్పుకుంటాను. ఈ మైదానం పడమటి తలుపు తీస్తే బయట అసలైన చంద్రుడు ఉన్నాడు, ఎంత కావాలంటే అంత. లోపల గాజు కప్పు కింద ఉన్నది మూడు వందల టన్నుల కడిగిన చంద్రుడు. బయటి మట్టి గాజు పెంకులా కోస్తుంది, చక్రాలు అరిగిపోతాయి, కెమెరాలు గీసుకుపోతాయి అని పదకొండు దేశాల జట్లు మొరపెట్టుకున్నాయి. దాంతో ఆ మట్టిని మరలో వేసి అంచులు అరగదీసి, కడిగి, ఆరబెట్టి ఇక్కడ పోశారు. రాళ్ళు ఫోటోల్లో బాగా రావడం లేదని రంగు కూడా వేయించారు. దీని మీద భూమి నుంచి వచ్చిన కాలేజీ పిల్లల బండ్లు వాటంతటవే తిరుగుతాయి, నేను పాతిన డబ్బాలు వెతుకుతాయి. దీని పేరు అంతర్జాతీయ గ్రహాన్వేషణ పోటీ. గుమ్మం అవతల ఎవరూ అన్వేషించని నేల పడి ఉంది. అటు వెళ్ళే ఉద్దేశం ఒక్కరికీ లేదు.

మట్టి కడిగిన ఆ నీళ్ళు ఎక్కడివంటే, నల్లగొయ్యివి. నల్లగొయ్యి అంటే ఎన్నడూ ఎండ పడని లోతైన గుంట, అడుగున మంచు ఉంటుంది. మా అమ్మాయి పైడి అక్కడ మంచు కోస్తుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. షిఫ్టు దిగి ఇంటికొస్తే ఆ సూటు మీద మట్టి టపాకాయలు కాల్చిన వాసన వేస్తుంది. మైదానంలో మట్టికి ఏ వాసనా లేదు.

ఇంత తిట్టుకుంటూ ఎందుకు చేస్తున్నానంటే, ఒక్క కారణం ఉంది. ఏటా గెలిచిన బండి బుర్రని తీసి నల్లగొయ్యిలో వెతుకుడు బండ్లకి ఎక్కిస్తారు. గొయ్యిలో గోడలు అడ్డం వచ్చి రేడియో పలకదు. షిఫ్టు అయ్యాక ఎవరైనా పైకి రాకపోతే ముందు ఆ బండిని దింపుతారు. బండి పచ్చ దీపం వెలిగించి దొరికారంటేనే మనుషులు దిగాలి, అది రూలు. చీకట్లో మనిషి కోసం మనిషిని పంపితే ఇద్దరు పోతారట. కాబట్టి ఇక్కడ పిల్లలాడే ఆట మీద మా పైడి ప్రాణం ఉంది. పోయినేడు మా తమ్ముడు అప్పలసూరి ప్రాణం కూడా దీని మీదే ఉండేది. అతను దొరకలేదు. దొరికేసరికి గాలి అయిపోయింది.

పోటీకి పదమూడు రోజులు

నేల: చదును. డబ్బాలు: ఐదు. మైదానంలోకి చెప్పులతో వచ్చినవారు: నలుగురు. పేర్లు అడిగితే నవ్వారు.

జట్లు దిగాయి. దిగీ దిగగానే బండ్లని దూది పెట్టి తుడవడం మొదలుపెట్టారు. ఒక జట్టు వాళ్ళు తమ బండికి పుట్టినరోజు చేశారు. ఇంకో జట్టు పిల్లవాడు నా నేల మీద గులకరాయి ఉందని ఫిర్యాదు రాశాడు. నిజంగానే ఉంది, ఒకటి. చందమామ మీద రాయి ఉందని ఫిర్యాదు! దానికి సంజాయిషీ రాయమని నాకు కాగితం వచ్చింది. ఏం రాయాలో తోచక రాయినే కవర్లో పెట్టి పంపాను.

సాధన మొదలైంది. పోయినేడు గెలిచిన జట్టు బండి ఐదు డబ్బాల్నీ తొమ్మిది నిమిషాల్లో పట్టేస్తోంది. పోటీ పెట్టిన మొదటి ఏడు మూడు గంటలు పట్టేది. పోటీ డైరెక్టర్ చక్రపాణి గారు అతిథులకి ఆ లెక్క చెప్పి చెప్పి మురిసిపోతున్నారు. యంత్రం బుద్ధి ఎంతెత్తుకి ఎదిగిందో చూడండి అంటున్నారు. నేను కూడా మురిసిపోయానని ఒప్పుకోవాలి. తొమ్మిది నిమిషాలంటే గొయ్యిలో మనిషి బతుకుతాడు.

నా పని గురించి కాస్త రాయాలి, తర్వాత పనికొస్తుంది. ఉప్పుమడిలో ఉప్పు పోగుచేసే పళ్ళకర్రని తొయ్యరు, లాగుతారు. కర్రని లాక్కుంటూ వెనక్కి నడవాలి. మన అడుగుని మన కర్రే చెరిపెయ్యాలి. కుప్ప దగ్గరికి చేరాక కర్రని ఎడమకి చిన్నగా తిప్పి ఎత్తాలి, నీరు పక్కకి జారిపోవడానికి. మా అమ్మ నాకూ తమ్ముడికీ ఏడేళ్ళ వయసులో నేర్పింది. మడిలో అడుగు కనపడిందంటే వీపు మీద పడేది. ఇక్కడా అదే చేస్తాను. గట్టు నుంచి వెనక్కి లాక్కుంటూ వెళ్ళి, ఎడమకి తిప్పి కర్ర ఎత్తి, అక్కడ డబ్బా పాతుతాను. ఇక్కడ మన బరువు ఆరో వంతే కాబట్టి అక్కడి నుంచి రాయి మీదికీ, రాయి మీంచి రాయి మీదికీ గెంతుతూ గట్టెక్కేస్తాను. యాభై రెండేళ్ళ మనిషిని, చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. వెనక్కి చూసుకుంటే నేల మీద ఒక్క అడుగు ఉండదు. చక్రపాణి గారు ఎప్పుడూ మెచ్చుకునేది దాన్నే.

పోటీకి పది రోజులు

నేల: చదును. డబ్బాలు: ముందు సున్నా, తర్వాత ఒకటి.

సున్నా ఎందుకో రాస్తాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను.

బొలీవియా జట్టులో మరీసోల్ అని ఒక పిల్ల ఉంది. వాళ్ళ బండిది ఆరు కాళ్ళ నడక, అందులో ఒకటి ఈడుస్తుంది. అందరూ దాన్ని కుంటిది అంటున్నారు. అది నేలని అడుగడుగునా పొడుచుకుంటూ పోతుంది, ఐదు డబ్బాలకి నాలుగు గంటలు తీసుకుంటుంది. ఆ పిల్ల రెండు రోజులుగా తన బండిని వదిలేసి గట్టు మీద కూర్చుని నా చెయ్యినే చూస్తోంది. ఇవాళ తనొక చెవిబిళ్ళ పెట్టుకుని, నాకొకటి ఇచ్చి మాట్లాడింది. ఆ బిళ్ళ ఎవరి మాటనైనా వార్తలు చదివే గొంతులో తెలుగు చేసి చెబుతుంది.

"అమ్మా, ప్రతిసారీ చివరన ఎడమవైపుకు ఎందుకు తిప్పుతున్నారు?" అని అడిగింది.

"నీరు కారిపోడానికే తల్లీ. ఉప్పు సేత్తో పట్టినోలం కదా."

"ఇక్కడ నీరు లేదు. మా అమ్మమ్మది కూడా ఉప్పు పనే. ఆమె గీతను ఎక్కడున్నా గుర్తుపడతాను. మీ గీతను కూడా ఇప్పుడు ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆ బండ్లు కూడా అదే చేస్తున్నాయేమో అని నా అనుమానం."

నాకు ముందు అర్థం కాలేదు. అప్పుడు ఆ పిల్ల విడమర్చి చెప్పింది. జట్లన్నీ తమ బండ్లకి పాత పోటీల వీడియోలు వేల గంటలు చూపించి నేర్పిస్తాయట. పన్నెండేళ్ళ వీడియోల్లో నేల నాది, గీత నాది, గీత చివర డబ్బా. వాళ్ళ జట్టు దగ్గర అన్ని వీడియోలు చూపించే పెద్ద యంత్రం లేదు కాబట్టి వాళ్ళ కుంటిది పొడిచి వెతకడమే నేర్చుకుంది. మిగతా పదీ వెతకడం నేర్చుకోలేదేమో, నన్ను చదవడం నేర్చుకున్నాయేమో అంది.

నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ పనిని పట్టుకుని ఈ వేలెడంత పిల్ల ఇంత మాట అంటుందా అనుకున్నాను. నీ అనుమానం ఇప్పుడే తీరుస్తాను అని, నేలంతా ఎప్పటిలాగే గీసి, ఒక్క డబ్బా కూడా పాతకుండా గట్టెక్కాను. పోయినేడు గెలిచిన జట్టు వాళ్ళ సాధన వంతు వచ్చింది. బండి సరాసరి మొదటి గీత చివరికి వెళ్ళింది. నేలలోకి చెయ్యి పెట్టకుండానే పచ్చ దీపం వెలిగించింది. దొరికింది. రెండో గీత, దొరికింది. ఐదూ దొరికాయి, తొమ్మిది నిమిషాల్లో. అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. జట్టు పిల్లలు చప్పట్లు కొట్టుకున్నారు. తవ్వి చూద్దామని ఒక్కడికీ అనిపించలేదు.

తర్వాత మరీసోల్ నన్ను ఇంకో పని చెయ్యమంది. ఒక డబ్బా పాతి, చుట్టూ నా అడుగులు అలాగే వదిలెయ్యమంది. ఇంకో జట్టు బండి అడుగులు కనపడగానే పక్కకి తిరిగిపోయింది. అడుగులున్న చోట ఏమీ ఉండదని దానికి తెలుసు. నేనెప్పుడూ అడుగులు మిగల్చలేదు కదా.

అన్నం సహించలేదు.

పోటీకి తొమ్మిది రోజులు

నేల: చూడలేదు.

పైడి షిఫ్టు దిగేదాకా కాచుకుని కూర్చున్నాను. మావయ్య పోయిన రోజు గురించి ఈ పదమూడు నెలల్లో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే వినాలి కదా. ఇవాళ ఆ రోజు బండి ఎక్కడికి పోయిందో చెప్పమన్నాను. పైడి హెల్మెట్ తుడవడం ఆపి నా మొహం చూసింది.

"పనిముట్ల గది మెట్టు కాడ నిలబడిపోనాదే అమ్మా. పచ్చలైటెట్టుకుని. మావ గదిలోనే ఉన్నాడనుకున్నాము. లోపలంతా ఎతికినాము. నేల పలకలు కూడా ఊడదీసినాము."

"అప్పుడు ఆ మెట్టు ఎలాగుంది?"

"ఎలాగుంటాది? సుబ్బరంగుంటాది. మావ రోజూ షిఫ్టుకి ముందు ఊడ్సీవోడు కదేటి."

మిగతాది పైడి చెప్పక్కర్లేదు, నాకు తెలిసిందే. గదికి అవతల రెండు వందల అడుగుల దూరంలో ఏనుగంత రాయి ఉంది. దాని వెనక జారిపడి, కాలు విరిగి, రేడియో పగిలి అప్పలసూరి నాలుగు గంటలు పడి ఉన్నాడు. గొయ్యి నిండా అతని అడుగులే ఉన్నాయి. బండి వాటిని చూసి పక్కకి తిరిగి, అతను పొద్దున్నే ఊడ్చిన మెట్టు దగ్గరికి పోయి నిలబడింది. మా అమ్మ ఇద్దరికీ ఒకే ఊడుపు నేర్పింది. వెనక్కి లాక్కుంటూ, చివర ఎడమకి తిప్పి.

ఆ బుర్రకి చదువు చెప్పింది నా చెయ్యి. దాన్ని మెట్టు దగ్గర ఆపింది వాడి చెయ్యి. ఈ రెండు ముక్కలూ పైడికి చెప్పాను. అది వచ్చి నా పక్కన కూర్చుంది. నువ్వు నేల గీసినావు, అది తప్పెలాగవుతాది, గీతని చూసి తెలివనుకున్నోలదే తప్పు, అంది. నాకు నా చేతిని చూస్తే రోత పుట్టింది. అయినా ఆ చేత్తోనే పైడికి అన్నం పెట్టాను.

పోటీకి ఏడు రోజులు

నేల: చదును. చక్రపాణి గారి గది: అంతకన్నా చదును.

డైరెక్టర్ గారిని కలవడానికి రెండు రోజులు పట్టింది. ఆయన మంచి మనిషి. అందరితోనూ నవ్వుతూ మాట్లాడతారు, కుర్చీ చూపిస్తారు, టీ తెప్పిస్తారు. నా మాట మొత్తం విన్నారు. మరీసోల్ తీసిన రెండు వీడియోలూ చూశారు. కాసేపు గడ్డం నిమురుకున్నారు. ఈయనకి అర్థమైంది అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"రత్నమ్మ గారూ, నియమావళిలో 'తీర్చిదిద్దిన నేల' అనే ఉంది. తీర్చిదిద్దడం మీ పని, కనుక్కోవడం బండి పని. అది దేన్ని చూసి కనుక్కుంటే మనకెందుకండీ?"

"గొయ్యిలో నేల తీర్సీవోలు ఎవులున్నారండి?"

గొయ్యి పరిస్థితులు వేరనీ, వాటికి వేరే కమిటీ ఉందనీ, ఆ కమిటీ ఏడాదికోసారి కూర్చుంటుందనీ ఆయన నాకు నిదానంగా వివరించారు. పదకొండు దేశాల నుంచి పెద్దలు బయల్దేరిపోయారట, ఆహ్వానాలు అచ్చయిపోయాయట. ఇలాంటి చిన్న సాంకేతిక విషయాన్ని బయట పెడితే పిల్లల ఉత్సాహం చచ్చిపోతుందట. మా తమ్ముడి సంగతి ఎత్తితే, చాలా బాధాకరం అని టీ కప్పు కింద పెట్టి రెండు చేతులూ జోడించారు. ఆ చేతులు మెత్తగా, తెల్లగా ఉన్నాయి. నా జన్మలో ఏ మనిషి చేతుల్ని చూసీ నాకంత అసహ్యం కలగలేదు.

టీ తాగకుండా లేచి వచ్చాను. దారిలో ఉమ్మబోయి ఆగాను, మళ్ళీ ఆ వసారా ఊడ్చేది నాలాంటిదే కదా.

పోటీ రోజు

నేల: తీర్చిదిద్దాను.

ఇంత శ్రద్ధగా ఎన్నడూ గీయలేదు. గట్టు నుంచి ఐదు గీతలు లాగి, ఐదింటినీ ఈశాన్యం మూలకి తీసుకుపోయి, ఎడమకి తిప్పి ఆపాను. ఆ మూలలో ఏమీ లేదు. డబ్బాలు ఐదూ మిగతా మైదానంలో పాతి, చుట్టూ నా అడుగులు ఇష్టమొచ్చినట్టు తొక్కి వదిలేశాను. నేల మీద ఇన్ని అడుగులు వదలడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. కాళ్ళకి వింతగా అనిపించింది.

చివరి రోజు బండ్లన్నీ ఒకేసారి దిగుతాయి, గంట సమయం. ఈల వేశారు. పది బండ్లు పోటీలు పడి ఈశాన్యం మూలకి ఉరికాయి. మూడు నిమిషాల్లో మొదటిది చేరి పచ్చ దీపం వెలిగించింది. రెండోది వచ్చి దాన్ని గుద్దుకుని అదీ వెలిగించింది. పదీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, పచ్చ దీపాలు వెలిగించుకుని, దొరికింది దొరికింది అని మోగుతూ అక్కడే ఉండిపోయాయి. గాలరీలో ముందు చప్పట్లు పడ్డాయి, తర్వాత నవ్వులు, తర్వాత ఏమీ లేదు. అటు కుంటిది పొడుచుకుంటూ పొడుచుకుంటూ నా అడుగుల మధ్యకి నడిచింది. గంట అయ్యేసరికి ఒకే ఒక్క డబ్బా పైకి తీసింది. మరీసోల్ గట్టు మీద కూర్చుని ఏడ్చేసింది.

నేను లేచి, ఇది నా గీత, వీటికి తెలిసిందల్లా ఇదే, వీటిని గొయ్యిలోకి పంపకండి అని గట్టిగా చెప్పాను. చెవిబిళ్ళలు ఎవరికి ఎంత చెప్పాయో తెలియదు. న్యాయనిర్ణేతలు లోపలికి వెళ్ళారు. అరగంటకి బయటికి వచ్చి తీర్పు చదివారు. నేల నియమావళి ప్రకారం తీర్చిదిద్దలేదు కాబట్టి ఇవాళ్టి పోటీ చెల్లదట. సాధన రోజుల్లో వచ్చిన సమయాల్ని బట్టి విజేతని నిర్ణయించారట. తొమ్మిది నిమిషాల జట్టు గెలిచింది. ఉన్నదీ లేనిదీ చూడకుండా ఐదు దీపాలు వెలిగించిన బండి, అదే. కుంటిదాని డబ్బా లెక్కలోకి రాలేదు.

దండలు వేశారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. పుస్తకం అప్పజెప్పమన్నారు. ఇవ్వలేదు, ఇన్నేళ్ళు చదవనివాళ్ళకి ఇప్పుడెందుకు?

పోటీ అయ్యాక ఆరో రోజు

నేల: నల్లగొయ్యి. జల్లెడ పట్టనిది.

గొయ్యిలో ఎప్పుడూ మనుషులు తక్కువే, అడగగానే పనిలోకి తీసుకున్నారు. మంచు పలకలు ఎత్తి తొట్టెలో వేస్తున్నాను. పైడి ఉన్న షిఫ్టే అడిగి వేయించుకున్నాను. నిన్న మెకానిక్కులు వచ్చి వెతుకుడు బండ్లకి కొత్త బుర్ర ఎక్కించి వెళ్ళారు. దాని మీద బంగారు రంగు బొమ్మ కూడా అంటించారు.

నాకు మూడు రోజులు నిద్ర లేదు. దాన్ని ఆపలేను. బుర్ర మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. ఏం చెయ్యాలా అని తల బద్దలు కొట్టుకుంటే చివరికి తట్టింది. ఆ దరిద్రపుదానికి నా గీత తప్ప ఏమీ తెలియదు. సరే, గీతే ఇద్దాం.

మరీసోల్ వెళ్ళిపోయే ముందు కుంటిదాన్ని విప్పి ఆరు కాళ్ళ స్ప్రింగులూ నా చేతిలో పెట్టింది. వాటిని వంచి మూడేసి పళ్ళుగా చేసి, నడుముకి తాడుతో కట్టుకునేలా ఆరు చిన్న పళ్ళకర్రలు తయారుచేశాం. మిగతావి గొయ్యి వాళ్ళే పాత డ్రిల్లు ముక్కలతో చేసుకున్నారు. షిఫ్టుకి ముప్ఫై ఇద్దరం, ముప్ఫై రెండు తోకలు. నడుస్తుంటే వెనక అడుగులు చెరిగి గీత పడుతుంది, మనిషి ఆగిన చోట గీత ఆగుతుంది. ఆగి పని చేసేటప్పుడు ఎడమకి ఒక తిప్పు తిప్పమని అందరికీ నేర్పించాను. పెద్ద పెద్ద మగవాళ్ళు సిగ్గుపడుతూ తిప్పుతున్నారు. అప్పలసూరి సంగతి చెప్పాక సిగ్గుపడటం మానేశారు.

మెట్టు దగ్గర ఒక పలక తగిలించాను: ఈ మెట్టు ఊడవరాదు.

నాకు ఏది ఎక్కువ రోత పుట్టిస్తోందో చెప్పలేను. యంత్రం మనల్ని వెతకాలి గానీ, యంత్రానికి అర్థమయ్యేలా మనం తోకలు కట్టుకుని నేల గీసుకుంటూ తిరగడం ఏమిటి?

పోటీ అయ్యాక ఇరవై తొమ్మిదో రోజు

నేల: రాయలేను.

షిఫ్టు ముగిసింది, ముప్ఫై ఒక్కరం పైకి వచ్చాం. పైడి రాలేదు.

లెక్క రెండుసార్లు చూశారు. బండిని దింపారు. రూలు ప్రకారం నేను తలుపు దగ్గర ఆగాలి. ఇద్దరు పట్టుకుంటే ఆగాను. గొయ్యి అంచున పెట్టిన కెమెరా తెర మీద బండి దీపం కనిపిస్తోంది, కొంచెం ముందుకి పోయి ఆగింది. మెట్టు వైపు తిరిగింది. మెట్టు మీద వేలు మందాన దుమ్ము ఉంది. బండి అటు చూసి, ఇటు తిరిగి, తూర్పు గోడ వారన ఒక మూడు పళ్ళ గీతని పట్టుకుంది. పైకి వచ్చిన ముప్ఫై ఒక్కరి గీతలూ తిరిగి తలుపు దగ్గరికే వచ్చాయి, గొయ్యిలో ఆగిపోయింది అదొక్కటే. బండి దాని వెంట పడింది. పదిహేడు నిమిషాలకి పచ్చ దీపం వెలిగింది.

మంచు పెళ్ళ విరిగి కాలి మీద పడిందట. రేడియో పలకలేదు. పడుకునే ఉండి, తోకని చేత్తో పట్టుకుని, ఎడమకి తిప్పింది పిచ్చిపిల్ల.

"పడిపోనప్పుడు గూడా తిప్పినావేటే?" అని అడిగాను, స్ట్రెచర్ పక్కన నడుస్తూ.

"తిప్పకపోతే నువ్వు తిడతావు కదా," అంది.

పోటీ అయ్యాక ముప్ఫై ఒకటో రోజు

పోటీ కార్యాలయం నుంచి ప్రకటన వచ్చింది. విజేత జట్టు మేధస్సు నల్లగొయ్యిలో ఒక కార్మికురాలి ప్రాణం కాపాడిందట. విద్యార్థుల ప్రతిభకి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదట. కార్మికురాలి పేరు తప్పు రాశారు. తోకల గురించి ముక్క లేదు. అది చదివి పైడి నవ్వింది, నాకు నవ్వు రాలేదు, రోతే.

ఎల్లుండి పెద్దలందరినీ తీసుకొచ్చి గొయ్యిలో బండిని నడిపి చూపిస్తారట. దానికి ముందు నేల కాస్త చదును చేసి పెట్టమని చక్రపాణి గారు నాకే కబురు చేశారు. మీ చేతిలో పని బాగుంటుంది రత్నమ్మ గారూ అన్నారట.

చేస్తానని చెప్పాను.

పోటీ అయ్యాక ముప్ఫై మూడో రోజు

పదకొండు దేశాల పెద్దలు, వాళ్ళ కెమెరాలు, చక్రపాణి గారు, అందరూ సూట్లు వేసుకుని గొయ్యిలోకి దిగారు. ఎదురెదురుగా ఉంటే రేడియో పలుకుతుంది, ఎవరేమన్నా అందరికీ వినపడుతుంది. మా షిఫ్టు వాళ్ళందరం ఒక పక్కన నిలబడ్డాం. పైడి కర్ర సాయంతో వచ్చింది.

నేను పొద్దున్నే వచ్చి పెద్ద పళ్ళకర్రతో పని ముగించాను. పాత గీతలన్నీ కాళ్ళతో తొక్కేశాను. ఒక్క గీత మాత్రం కొత్తగా లాగాను.

చక్రపాణి గారు ఉపన్యాసం చెప్పి, చెయ్యి ఊపి బండిని వదిలారు. బంగారు బొమ్మ తగిలించుకున్న బండి కులాసాగా బయల్దేరింది. పెద్దల ముందు నుంచి పోయింది, మెట్టు దాటింది, గది వెనక్కి తిరిగింది. రెండు వందల అడుగులు పోయి, ఏనుగంత రాయి వెనకకి చేరి, గీత చివర ఆగింది. పచ్చ దీపం వెలిగింది. మనిషి దొరికాడు అని మా రేడియోల్లో మోగింది.

అతిథులు చప్పట్లు కొట్టారు, గాలి లేని చోట అవి వినపడవు. చక్రపాణి గారు నవ్వుతూ నావైపు తిరిగారు. "అక్కడ ఎవర్ని ఉంచారు రత్నమ్మ గారూ?" అన్నారు.

"మా తమ్ముడండి. అప్పలసూరి. పద్నాలుగు నెల్ల కిందట ఆడ్ని ఎతకమంటే మీ బండి ఆ మెట్టు కాడ నిలబడింది. ఇయాల నాను సూపిత్తే దొరికినాడు."

చెవిబిళ్ళలు ఆ మాటని పదకొండు భాషల్లో చెప్పడానికి కొంతసేపు పట్టింది. వార్తలు చదివే గొంతులోనే చెప్పి ఉంటాయి. ఒక్కొక్కరి చేతులూ కిందికి దిగాయి. ఒకాయన రాయి వెనక్కి వెళ్ళి చూసి వచ్చి, అక్కడ ఎవరూ లేరు అన్నాడు. ఆ రోజు కూడా మెట్టు దగ్గర ఎవరూ లేరండి అని పైడి చెప్పింది. బండి మాత్రం దొరికాడు దొరికాడు అని మోగుతూనే ఉంది. దాన్ని ఆపడం ఎలాగో అక్కడున్న పెద్దల్లో ఒక్కరికీ తెలియలేదు. చివరికి నేనే వెళ్ళి గీతని కాలితో చెరిపితే ఆగింది.

సాయంత్రానికి ప్రకటన వచ్చింది. వచ్చే ఏడు నుంచి పోటీ పడమటి తలుపు అవతల, కడగని నేల మీద జరుగుతుందట. అది తన చిరకాల ఆలోచన అని చక్రపాణి గారు చెప్పుకున్నారు. చెప్పుకోనీ. అంతవరకూ బండ్ల బుర్ర మార్చరు, కాబట్టి అంతవరకూ మేం తోకలు కట్టుకునే తిరుగుతాం.

నేల: చదును కాదు. తోకలు: ముప్ఫై రెండు. మెట్టు: ఊడవలేదు. దొరికినవాళ్ళు: ఒక్కడు, పద్నాలుగు నెలలు ఆలస్యంగా.